నర్సు వ్రాయు వంశవృక్షము



పల్లెలనుండి రోగులను వెంటబెట్టుకొని హైదరాబాదు నగరమునకు వచ్చు పెద్దలలో అనేకులకు పంజగుట్ట త్రోవ తెలియును. అమీరుపేటనుండి ఖైరతాబాదునకు పోవు దారిలో, పంజగుట్టయొద్ద, నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. జనులు దానిని నిమ్స్ అని పిలుచుచున్నారు. 1964లో ఎముకల వైద్యశాలగా ఆరంభమై, కాలక్రమమున సమస్త వ్యాధులకును చికిత్స చేయు పెద్ద సంస్థగా పెరిగినది. అందు జన్యువైద్యమునకు ప్రత్యేక విభాగము కలదు. నర్సులకు విద్య గఱపు కళాశాలయు కలదు. అమీరుపేటకు చేరువనున్న బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జన్యుశాస్త్ర సంస్థయు, జన్యువ్యాధుల వైద్యశాలయు ఉన్నవి.

ఇట్టి చోట్లకు బిడ్డను తీసికొని పోయినప్పుడు నర్సు గాని వైద్యుడు గాని మొదట మందుమాట ఎత్తరు. కాగితము ముందుంచుకొని ప్రశ్నలు వేయుదురు. బిడ్డ తల్లిదండ్రులు పెండ్లికి ముందే బంధువులా? తల్లికి ఎన్ని కాన్పులైనవి? పోయిన బిడ్డలెందరు, ఏ వయస్సున పోయిరి? మేనత్త పిల్లలలో, పినతల్లి పిల్లలలో ఇట్టి జబ్బుగలవారున్నారా? ఈ ప్రశ్నలు విని పెద్దలు చిన్నబుచ్చుకొనుట కలదు. బిడ్డను చూపుటకు వచ్చితిమి గాని ఇంటిగుట్టు విప్పుటకు రాలేదని కొందరు మొగము త్రిప్పుకొందురు. మఱికొందరు ఆడపిల్లల పెండ్లిండ్లు తప్పిపోవునను భయమున, ఉన్నదానిని లేదందురు. ఆ ప్రశ్నలు ఎందుకడుగుదురో, వానికి సత్యమైన యుత్తరము చెప్పుటవలన కలుగు మేలేమో వివరించుట నేటి ప్రసంగమునకు విషయము. నర్సింగు విద్యకు భారత నర్సింగు కౌన్సిలు ఏర్పఱచిన పాఠ్యక్రమమున జన్యుశాస్త్రమును ఒక భాగము. ఆ విద్యార్థినులు నేర్చుకొనునదానిలో గృహస్థునకు అవసరమైనంత మట్టుకు మనమును తెలిసికొందము.

మన శరీరము కోట్లకొలది కణములతో కూడినది. కంటికి కానరాని ఒక్కొక్క కణములోపల, ఆ శరీరమునెట్లు నిర్మింపవలెనో, ఎట్లు నడపవలెనో తెలుపు లిపి యొకటి యున్నది. దానిని డి.ఎన్.ఏ. అందురు. దాని రూపము మెలివేసిన నిచ్చెనవంటిదని 1953లో వాట్సను, క్రిక్కు అను శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన అక్షరమాలలో ఏబదియారక్షరములున్నవి గాని ఈ లిపికి అక్షరములు నాలుగే. ఆ నాలుగే మాఱిమాఱి వచ్చుచు 300 కోట్ల స్థానములను నింపుచున్నవి. ఈ లిపిలో ఒక పనికి సంబంధించిన వాక్యమునే జన్యువు అనుచున్నాము. మానవునిలో రమారమి 20,000 జన్యువులు రక్తమాంసాదులకు కావలసిన పదార్థముల నిర్మాణమును తెలుపును. ఈ గ్రంథమంతయు కట్టలు కట్టలుగా చుట్టబడి యుండును. ఆ కట్టలను క్రోమోజోములందురు. ఒక కణమున అవి 46. అనగా 23 జతలు. ఈ లెక్క సరిగా తేలినది 1956లో.

జతలు అనుటలోనే రహస్యమంతయు ఇమిడియున్నది. ప్రతి మనుష్యునియొద్దను ఈ గ్రంథమునకు రెండు ప్రతులుండును. ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి వచ్చినది. తాళపత్ర గ్రంథములతో పరిచయముగల పెద్దలకు ఈ విషయము సులభముగా బోధపడును. వ్రాయసకాడు పత్రమునుజూచి పత్రము వ్రాయునప్పుడు అచ్చటచ్చట ఒక యక్షరము తప్పిపోవును. ఒక్క ప్రతియే యున్నచో ఆ చోట అర్థము చెడును. రెండు ప్రతులున్నచో ఒకదానిలోని తప్పును రెండవదానిలోని సరియైన పాఠము కప్పిపుచ్చును. పండితుడు రెండింటిని కలిపి చదివికొని అర్థము చెడకుండ కాపాడును. శరీరమును అట్లే చేయును. మనలో ప్రతివానిలోను ఇట్టి లేఖకదోషములు కొన్ని యున్నవి. రెండవ ప్రతి బాగుండుటచేత అవి బయటపడక అణగియుండును. ఒకే వాక్యమున, రెండు ప్రతులలోను దోషమున్ననే వ్యాధి పుట్టును.

ఒక్క యక్షరము తప్పిన ఇంతటి యనర్థము కలుగునా యని సందేహింపవలదు. నెత్తురునకు ఎఱుపునిచ్చు హిమోగ్లోబిను అను పదార్థమును గూర్చిన జన్యువులో ఒక్క యక్షరము మాఱినచో, గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణము కొడవలివలె వంగును. అదియే సికిల్ సెల్ వ్యాధి. వంగిన కణములు సన్నని నాళములలో అడ్డుపడి, కీళ్ళలోను ఎముకలలోను భరింపరాని నొప్పి కలిగించును, నెత్తురు క్షీణించును. మన యేజెన్సీ ప్రాంతములలోని గిరిజనులలో ఈ వ్యాధి కలదు. దీనిని దేశమునుండి 2047 నాటికి తొలగింపవలెనని భారత ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన ఒక కార్యక్రమమును ఆరంభించి, గిరిజన ప్రాంతములలో కోట్లమందికి రక్తపరీక్ష చేయ పూనుకొన్నది. తలసీమియా అనునది ఇట్టిదే మఱియొక నెత్తురు వ్యాధి. అది తీవ్రరూపమున వచ్చిన బిడ్డకు పుట్టిన కొలది మాసములకే నెత్తురు చాలక, మూడు నాలుగు వారములకొకమాఱు ఇతరుల రక్తము ఎక్కింపవలసి వచ్చును. ఆ బిడ్డ తల్లిదండ్రులను చూచిన ఇద్దరును ఆరోగ్యవంతులే. వారిలో దోషము ఒక్క ప్రతియందే యుండుట దీనికి కారణము. ఇట్టివారిని వాహకులు అందురు. దోషమును మోయుదురే గాని దానివలన వారికి రోగము లేదు.

ఇక ఈ దోషము బిడ్డలకు ఏ లెక్కచొప్పున సంక్రమించును? ఈ లెక్కను మొదట కనిపెట్టినవాడు గ్రెగరు మెండెలు అను క్రైస్తవ సన్న్యాసి. ఆస్ట్రియా సామ్రాజ్యములోని బ్రూను పట్టణమున మఠము తోటలో బఠాణీ మొక్కలు పెంచి, 1865లో తన ఫలితములను చదివెను. పొడుగు జాతిని పొట్టి జాతితో సంకరము చేయగా మొదటి కాపున మొక్కలన్నియు పొడుగువే మొలచినవి. వాని గింజలనే తిరిగి నాటగా 787 పొడుగువి, 277 పొట్టివి వచ్చినవి. అనగా రమారమి మూడింటికొకటి. మధ్యతరమున మాయమైనట్లున్న పొట్టితనము నశింపలేదు. అణగియుండి మఱుసటి తరమున బయటపడినది. సేద్యము చేయువారికి ఇది క్రొత్తమాట గాదు. హైబ్రిడ్ జొన్నగాని ప్రత్తిగాని మొదటి ఏడు ఒక్కతీరున పండును. దాని గింజను దాచి మఱుసటి ఏడు నాటినచో చేను ఎగుడుదిగుడుగా వచ్చును. అణగియున్న గుణములు విడిపోయి వేర్వేఱుగా తలయెత్తుటయే అందులకు కారణము. చేనికి ఏ ధర్మమో ఇంటికిని అదే ధర్మము.

అష్టాచెమ్మ ఆటకు ఒకవైపు అరగదీసిన చింతగింజలను జ్ఞాపకము చేసికొనుడు. అరగదీయని నల్లని గింజ మంచి ప్రతి యనియు, అరగదీసిన తెల్లని గింజ దోషముగల ప్రతి యనియు అనుకొందము. తండ్రి గుప్పిట ఒక నల్లది, ఒక తెల్లది. తల్లి గుప్పిట ఒక నల్లది, ఒక తెల్లది. ఇద్దరును కన్నులు మూసికొని చెరియొక గింజను బిడ్డ చేతిలో పెట్టవలెను. రెండును నల్లవి పడుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. ఆ బిడ్డకు రోగము లేదు, వాహకత్వమును లేదు. ఒకటి నల్లది ఒకటి తెల్లది పడుటకు నాలుగింట రెండు పాళ్ళు. ఆ బిడ్డ తల్లిదండ్రులవలె ఆరోగ్యముగా నుండు వాహకుడు. రెండును తెల్లవి పడుటకు నాలుగింట ఒక పాలు. ఆ బిడ్డకే వ్యాధి.

ఇచ్చట ఒక పొరపాటు లోకమున వాడుకలో నున్నది. మొదటి బిడ్డకు జబ్బు వచ్చినది గావున నాలుగింట ఒకటి తీరిపోయినది, రాబోవు మువ్వురకు భయము లేదని కొందరు తలతురు. చింతగింజకు జ్ఞాపకశక్తి లేదు. ప్రతి కాన్పునందును గుప్పిట మొదటినుండి తెఱవబడును. ప్రతి బిడ్డకును నాలుగింట ఒక పాలే అవకాశము. వరుసగా ఇద్దరికి రావచ్చును. నలుగురిలో ఒక్కరికిని రాకపోవచ్చును. నర్సు ఈ మాటను తల్లిదండ్రులకు విడమరచి చెప్పవలసియుండును. ఏలనన, ఈ లెక్కను తప్పుగా గ్రహించిన దంపతులు పరీక్ష లేకయే మఱియొక కాన్పునకు సిద్ధపడుదురు.

ఇప్పుడు మేనరికము మాట. మన ప్రాంతమున అక్క కూతును తమ్మునికిచ్చుటయు, మేనమామ కూతును మేనల్లునికిచ్చుటయు అనాదిగా వచ్చిన యాచారము. బౌధాయన ధర్మసూత్రమునందే దాక్షిణాత్యుల యాచారములలో మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లియాడుట పేర్కొనబడియున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టము సపిండ వివాహమును నిషేధించినను, ఆచారమున్న చోట అనుమతించినది. సగోత్రమును విడిచితిమి గదా, ఇంక రక్తదోషమెక్కడిదని పెద్దలు వాదింతురు. ఆ వాదము నిలువదు. గోత్రము తండ్రివెంట మాత్రమే నడచును. డి.ఎన్.ఏ. గ్రంథమో, సగము తల్లివలన, సగము తండ్రివలన వచ్చును. పెదతండ్రి కూతురు ఎంత దగ్గఱయో మేనమామ కూతురును అంతే దగ్గఱ. గోత్రము ఒకదానిని నిషేధించి రెండవదానిని విడిచినంతమాత్రమున బంధుత్వపు లెక్క మాఱదు.

మన హైదరాబాదునకు అంత దూరము గాని కల్యాణ నగరమున, చాళుక్య విక్రమాదిత్యుని కాలమున, విజ్ఞానేశ్వరుడు మితాక్షర అను వ్యాఖ్యానము రచించెను. పిండమనగా శ్రాద్ధమున పెట్టు అన్నపు ముద్ద యను పక్షమును విడిచి, పిండమనగా శరీరమనియు, ఒకే శరీరముయొక్క అవయవాంశములు కలిగియుండుటయే సాపిండ్యమనియు, అది తండ్రిమూలమునను తల్లిమూలమునను గూడ కలుగుననియు ఆయన నిర్ణయించెను. ఆయనకు జన్యుశాస్త్రము తెలియునని నేననుట లేదు. శరీరాంశములు ఇరుపక్షములనుండియు వచ్చుననుమాట మన ధర్మశాస్త్రమునకు వెలియైనది గాదని మాత్రమే మనవి చేయుచున్నాను.

లెక్క చూతము. ఏకోదరులకు గ్రంథమున సగము ఉమ్మడి. మేనమామకును మేనకోడలికిని నాలుగవ వంతు. మేనబావ మఱదండ్రకు ఎనిమిదవ వంతు. మేనమామ ఒక దోషమునకు వాహకుడైనచో, మేనకోడలును ఆ దోషమునే మోయుటకు నాలుగింట ఒక పాలు అవకాశము. వారికి పుట్టిన బిడ్డకు వ్యాధి కలుగుటకు 16లో ఒక పాలు. మేనబావ మఱదండ్రైనచో 32లో ఒక పాలు. పరాయి సంబంధమై, నూటికొక్కరే ఆ దోషమును మోయు సంఘమైనచో 400లో ఒక పాలు. తాళపత్రముల మాటలో చెప్పవలెనన్న, ఒకే మాతృకనుండి దిగిన రెండు ప్రతులను తెచ్చి కలిపిన, ఒకదానిలో తప్పున్నచోటనే రెండవదానిలోను తప్పుండుట సహజము గదా.

ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో తెలుగువారే యున్నారు. పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, హాల్డేను అను సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్తకు శిష్యుడు. ఆయనయు పి. మీరాఖాను గారును కలిసి ఆంధ్రప్రదేశములోని మేనరికములను గూర్చి 1960లోను 1963లోను శాస్త్రపత్రికలలో వ్యాసములు ప్రకటించిరి. నాటినుండి ఈ విషయము లోకమున చర్చింపబడుచునే యున్నది.

అయినను భయపడుటకు హద్దుండవలెను. ఏ సంబంధమునందైనను పుట్టిన నూర్గురు బిడ్డలలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో వచ్చు లోపము కానవచ్చును. మేనబావ మఱదండ్ర బిడ్డలలో దానికి రమారమి మఱి ఇద్దరు ముగ్గురు చేరుదురు. అనగా నూటికి తొంబదిమందికి పైగా ఆరోగ్యముగానే యుందురు. అందుచేతనే మాకు మేనరికములైనను పిల్లలందరు బాగున్నారని చెప్పువారు అసత్యమాడుట లేదు. మేనమామ సంబంధమున అపాయము ఇంతకంటె హెచ్చు. చెవిటితనము, తలసీమియా, బుద్ధిమాంద్యము వంటి జబ్బులు ఇదివఱకే కానవచ్చిన వంశమున మేనరికము చేయుట, గొయ్యి ఉన్నదని తెలిసియు చీకటిలో నడచుటవంటిది. అట్టి యింట పెండ్లిమాట తలపెట్టకముందే జన్యువైద్యుని సలహా పొందవలెను. తలసీమియా, సికిల్ సెల్ వాహకత్వమును కొద్దిపాటి రక్తపరీక్షతో తెలిసికొనవచ్చును. ఇద్దరును వాహకులైన దంపతులకు గర్భము నిలిచిన మూడవ నెలనుండియే శిశువుయొక్క స్థితిని తెలిసికొను పరీక్షలు కలవు.

బంధువులను విడిచి పరాయి ఇంట చేసికొన్న మాత్రమున సర్వము చక్కబడునా? అదియు పూర్తిగా నిజము గాదు. వేలయేండ్లుగా ఒక కులము తనలోతానే పెండ్లాడుచు వచ్చినచో, ఆ కులమంతయు దూరపు బంధువుల కూటమియే యగును. హైదరాబాదు హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన తంగరాజు గారును, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ రైకు గారును, ఇతరులును కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 263 జనసమూహములను పరిశీలింపగా 81 సమూహములు కొలదిమంది మూలపురుషులనుండి దిగి, తమలోతామే పెరిగినవని తేలినది. వానిలో పదిలక్షలకు మించిన జనసంఖ్యగల సమూహములు 14.

ఇందుకు మన తెలుగుదేశపు టుదాహరణమే లోకప్రసిద్ధము. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చునప్పుడు, ఊపిరిగొట్టము దింపుటకై కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను మందు వాడుట కలదు. నెత్తురులోని ఒక పదార్థము ఆ మందును కొలది నిమిషములలోనే విఱిచివేయును. ఆ పదార్థము లోపించినవారికి మందు గంటలకొలది దిగదు. వారు తమంతట ఊపిరి తీయలేరు. అంతసేపును యంత్రముతో ఊపిరి నిలుపవలెను. ఈ లోపము ఆర్యవైశ్య సమాజమున ఇతరులలోకంటె రమారమి నూఱురెట్లు హెచ్చుగా నున్నది. ఆ మందు తగులనంతవఱకు ఈ లోపముగల మనుష్యుడు సంపూర్ణారోగ్యవంతుడు. ముందు తెలిసెనా, వైద్యుడు వేఱు మందు వాడును, అపాయమే లేదు. శస్త్రచికిత్సకు ముందు నర్సు వచ్చి, మీ యింట ఎవరికైనను మత్తుమందు దిగక చిక్కు కలిగినదా, మీ సమాజమేది యని అడిగినచో, అది కులము నెంచుట గాదు, ప్రాణము కాపాడుట. ఇది ఒక్క సమాజమునకే చెందిన కొఱతయు గాదు. ప్రతి కులమునందును ప్రతి తెగయందును ఏదో యొక అక్షరదోషము అణగియున్నది. కొన్ని కనుగొనబడినవి, కొన్ని యింకను కనుగొనబడవలసియున్నవి.

తరువాత, ఆడువారిపై మోపబడు అపనిందను గూర్చి చెప్పక తప్పదు. 23 జతలలో చివరి జత స్త్రీపురుష భేదమును నిర్ణయించును. స్త్రీకి ఎక్సు అను క్రోమోజోములు రెండు. పురుషునకు ఎక్సు ఒకటి, వై ఒకటి. తల్లి ఇచ్చునది ఎప్పుడును ఎక్సే. తండ్రి ఎక్సు ఇచ్చిన ఆడుబిడ్డ, వై ఇచ్చిన మగబిడ్డ. వరుసగా ఆడపిల్లలను కన్నదని కోడలిని దూషించుట, తన చేతిలో లేని గింజకు ఆమెను బాధ్యురాలిని చేయుటయే. తండ్రికిని ఇది తన యిచ్ఛకు లోబడిన పని గాదు గనుక అతనిని దూషించుటయు తగదు. గర్భస్థశిశువు ఆడుదో మగదో పరీక్షించి తెలుపుట 1994 నాటి చట్టముచే నిషిద్ధము.

ఈ చివరి జతయందే మఱియొక విశేషమున్నది. పురుషునకు ఎక్సు ఒక్కటే గావున, అందు దోషమున్న కప్పిపుచ్చుటకు రెండవ ప్రతి లేదు. తల్లి ఆరోగ్యముగా నుండి వాహకురాలై, ఆమె కొడుకులలో సగపాలు అవకాశమున వ్యాధి బయటపడును. దెబ్బ తగిలిన నెత్తురు గడ్డకట్టని హిమోఫీలియా ఇట్టిది. ఇంగ్లాండు రాణి విక్టోరియాయొద్దనుండి అది రాజకుటుంబములకు ప్రాకినది. ఆమె కుమారుడు లియోపోల్డు 1884లో దానివలన మరణించెను. రష్యా చక్రవర్తి కుమారుడు అలెక్సీయు ఆ రోగముతోనే బాధపడెను. రాజమందిరమునకును ఈ లెక్క ఒక్కటియే. ఎఱుపు ఆకుపచ్చల భేదము తెలియని వర్ణాంధత్వమును మగపిల్లలకే హెచ్చుగా వచ్చుటకు కారణమిదియే. ఆకునకు ఎఱ్ఱరంగు వేసిన పిల్లవానిని బడిపంతులు కొట్టుటకు ముందు, వాని తల్లియొక్క తండ్రికి రంగులు తెలిసెడివా యని విచారించుట మేలు.

జన్యువులకు సంబంధించినదంతయు వంశమున వచ్చునదే యనుకొనుటయు పొరపాటు. డౌన్ సిండ్రోము అను స్థితిలో 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుండును. ఇది 1959లో పారిసు నగరమున లెజ్యూను మున్నగువారు కనుగొన్నది. ఇందు పెక్కు బిడ్డల విషయమున దోషము బీజము ఏర్పడునప్పుడు దైవికముగా జరిగినదే గాని, తాతముత్తాతలనుండి వచ్చినది గాదు. తల్లి వయస్సు పెరిగినకొలది ఇది హెచ్చును. ఇరువదియైదేండ్ల తల్లులలో వేయి కాన్పులకు పైగా ఒకటియైనచో, నలుబదియేండ్లవారిలో నూటికి రమారమి ఒకటి. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, పూర్వజన్మ పాపమనియు ఆ తల్లిని నిందించుటకు ఎట్టి యాధారమును లేదు.

జన్యుదోషము తెలిసినంతమాత్రమున చేయునది లేదని నిరాశపడరాదు. బిడ్డ పుట్టిన రెండు మూడు దినములకు నర్సు వాని మడమను సూదితో గ్రుచ్చి, రెండు మూడు నెత్తురు బొట్లను దళసరి కాగితముపై అద్దును. ఫినైల్‌కీటోన్యూరియా అను వ్యాధి ఆ బొట్టులో తెలిసినచో, తగిన పథ్యాహారము మొదలుపెట్టి బిడ్డ మెదడు చెడకుండ కాపాడవచ్చును. థైరాయిడు గ్రంథి పనిచేయని బిడ్డకు దినమునకొక మాత్ర చాలును. మొదటి వారములు దాటిపోయిన పిమ్మట ఇచ్చిన మందు జరిగిన నష్టమును పూర్తిగా పూడ్పలేదు. ఏడ్చుచున్న పసికందును గ్రుచ్చుచున్నదని అమ్మమ్మలు ఆ నర్సును అడ్డగింపకుందురు గాక.

మానవుని సమగ్ర జన్యుగ్రంథమును చదువు యత్నము 1990లో ఆరంభమై 2003లో ముగిసినది. మిగిలిపోయిన ఖాళీలును 2022 నాటికి పూరింపబడినవి. మన దేశమున 2020లో ఆరంభమైన జీనోం ఇండియా అను ప్రయత్నమున వివిధ జనసమూహములకు చెందిన 10,000 మంది గ్రంథములను చదివి, ఆ సమాచారమును 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చిరి. ఇద్దరు మనుష్యుల గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టిచూచిన వేయింట ఒక్క యక్షరము మాత్రమే భేదించును. ఇట్టి గ్రంథమును జాతకచక్రముగా భావింపరాదు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు వంటివానిలో జన్యువులు కొంత, తిండియు శ్రమయు నడవడియు కొంత. పొలము వారసత్వముగా వచ్చినను పంట సేద్యమును బట్టి యుండును గదా.

ఇక నర్సు చేతిలోని కాగితము. ఆమె వ్రాయునది వంశవృక్షమే. పురుషునకు చతురస్రము, స్త్రీకి వృత్తము. వ్యాధిగలవారికి లోపల సిరా నింపును. మరణించినవారిపై ఏటవాలు గీత గీయును. భార్యాభర్తలను కలుపు గీత బంధువివాహమైన రెండు గీతలగును. చికిత్సకు వచ్చిన బిడ్డప్రక్క బాణము గుర్తు వేయును. మూడు తరములు నిండగానే వైద్యునకు దారి కనబడును. సిరా మచ్చలు ఒకే తరమున ఏకోదరులలో నున్నవా, మగవారిలోనే తల్లివెంట దిగుచున్నవా, తరతరమునను వరుసగా నున్నవా యని చూచి, ఏ పరీక్ష చేయవలెనో, ఏది అక్కఱలేదో నిర్ణయించును. ఆ కాగితమున ఒక్క పేరు దాచినచో లెక్క తప్పును, ధనము వ్యర్థమగును, కొన్నిపట్ల బిడ్డయే దక్కదు. నర్సు విన్నదానిని ఇతరులకు చెప్పరాదు. రోగి రహస్యమును కాపాడుట ఆమె వృత్తిధర్మము.

పెండ్లిపందిట ప్రవర చెప్పునప్పుడు వధూవరుల ముత్తాత, తాత, తండ్రి పేర్లు సభలో వినబడును. మూడు తరములు స్మరించుట మనకు అలవాటే. నర్సు అడుగునదియు మూడు తరములే. ఆమె ప్రవరలో తల్లులును, మేనత్తలును, పినతల్లులును, పేరు పెట్టకముందే కన్నుమూసిన పసికూనలును చేరుదురు. ఈ పేర్లు ఇంట పెద్దవారికి దక్క మఱియెవ్వరికి తెలియవు. మీ తరము దాటిన పిమ్మట చెప్పువారుండరు. కావున ప్రతి గృహస్థుడును ఒక కాగితమున మూడు తరముల స్త్రీపురుషుల పేర్లను, ఎవరు ఏ వయస్సున ఏ జబ్బున పోయిరో, ఏ పెండ్లి మేనరికమో వ్రాసి, పొలము పట్టాలతోపాటు పెట్టెలో భద్రపఱచుట మంచిది. మనుమరాలి పెండ్లిమాట వచ్చిననాడు గాని, ముమ్మనుమని ఎత్తుకొని పంజగుట్టకు పోవలసిన నాడు గాని, ఆ కాగితము మీ వారి చేతిలో నుండును.